రోగుల పేరిట మాట్లాడేది ఎవరు?

పాట్రిక్ రాడెన్ కీఫ్ రాసిన 'ఎంపైర్ ఆఫ్ పెయిన్' (2021) పుస్తకాన్ని ఒక సాహితీ మిత్రుడికి చదవమని ఇచ్చాను. నెల తరువాత తిరిగిస్తూ ఆయన అన్నారు: "ఔషధ విధానాల్లో అడ్డమైనవాళ్ళనీ చేర్చకూడదండీ. తెలిసినవాళ్ళకు వదిలేయాలి." పుస్తకమంతా చదివి ఇంత తలకిందులైన నిర్ణయానికి ఎలా వచ్చారో నాకు బోధపడలేదు. అందులో ఉన్నదంతా తెలిసినవాళ్ళ నిర్వాకమే కదా!

1995 డిసెంబరులో ఆక్సికాంటిన్‌కు అనుమతి ఇచ్చింది ఎఫ్‌డీఏ నిపుణులు. ఆ దరఖాస్తును పరిశీలించిన వైద్యాధికారి కొన్నేళ్ళకు ఆ మందు తయారుచేసే పర్‌డ్యూ కంపెనీలోనే చేరాడు. మందు రాసింది మేము, డాక్టర్లం. 1980లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయిన ఐదు వాక్యాల ఉత్తరం మాకు వేదవాక్కు అయింది. ఆసుపత్రిలో చేరినవారికి, అక్కడి పర్యవేక్షణలో ఇచ్చిన మందుల గురించిన ఉత్తరమది. సీసా ఇంటికి పట్టుకెళ్ళి నెలల తరబడి మింగే రోగి గురించి అందులో ఒక్క ముక్క లేదు. ఆ ఉత్తరాన్ని ఆరువందలకు పైగా వ్యాసాలు ఉదహరించాయని 2017లో అదే పత్రికలో లెక్క తేల్చారు. నేనైతే దాన్ని చదవకుండానే, వ్యసనం చాలా అరుదని నడుంనొప్పి రోగులకు ధైర్యం చెప్పాను. ఆ మాట చెప్పిన ముఖాలు కొన్ని ఇప్పటికీ గుర్తున్నాయి.

ఇక తెలియనివాళ్ళ సంగతి. 1988 అక్టోబరు 11న మేరీలాండ్ రాష్ట్రం రాక్‌విల్‌లో ఎఫ్‌డీఏ కార్యాలయాన్ని ముట్టడించిన యాక్ట్ అప్ కార్యకర్తల్లో చాలామందికి వైద్య పట్టాలు లేవు. ఎయిడ్స్‌తో స్నేహితులు రాలిపోతుంటే వైరస్‌ల శాస్త్రం సొంతంగా నేర్చుకున్నారు, క్లినికల్ ట్రయల్స్ ఎలా మార్చాలో రాసి తెచ్చారు. (చావు దగ్గర పడినవాడు చదివినంత శ్రద్ధగా రెసిడెన్సీలో నేను చదవలేదు.) చివరికి ట్రయల్ కమిటీల్లో వాళ్ళకు చోటివ్వక తప్పలేదు. 1999లో దక్షిణాఫ్రికాకు చౌక మందులు అందనీయమంటూ అల్ గోర్ ఎన్నికల సభల్లో నిలదీసినవారూ ఆ బాటలోని వాళ్ళే. ఎయిడ్స్ మందుల కోసం ఆఫ్రికా దేశాలు పేటెంట్ నిబంధనలు సడలిస్తే ఒత్తిడి చేయబోమని 2000 మేలో క్లింటన్ ఉత్తర్వు ఇచ్చాడు. 2001 ఫిబ్రవరిలో సిప్లా ఏడాది మందులను 350 డాలర్లకు ఇస్తామంది. అమెరికాలో అప్పటి ధర పదివేల పైమాటే. మన హైదరాబాదులోని అరబిందో, హెటిరో మాత్రలు తరువాత ఆఫ్రికా రోగుల దాకా వెళ్ళాయంటే, ఆ దారి వేసినవారిలో రోడ్డు మీద కూర్చుని అరెస్టయినవాళ్ళూ ఉన్నారు.

మిత్రుడు వాదించదలిస్తే ఇంతకన్నా గట్టి వాదన ఒకటుంది, ఆయనకు తట్టలేదు. అమెరికన్ పెయిన్ ఫౌండేషన్ కూడా రోగుల సంఘమే. 2010లో దానికి వచ్చిన ఐదు మిలియన్ డాలర్లలో దాదాపు తొంభై శాతం మందుల, వైద్య పరికరాల కంపెనీలదేనని ప్రోపబ్లికా బయటపెట్టింది. 2012 మేలో సెనేట్ కమిటీ విచారణ మొదలవగానే సంస్థ మూతపడింది. రోగి గొంతును కొనవచ్చు, నిజమే. నిపుణుడి గొంతూ అమ్ముడుపోయింది కదా, మరి నిపుణులందరినీ బయటికి పొమ్మన్నామా? ఇద్దరినీ కుర్చీ ఇచ్చేముందు జమాఖర్చుల పుస్తకం చూపించమనాలి.

ఇది పాత కథ కాదు. ఓపియాయిడ్ కేసుల పరిహారం కింద యాభై బిలియన్ డాలర్లకు పైగా సొమ్ము రాష్ట్రాలకూ కౌంటీలకూ విడతలుగా అందుతోంది. కొన్నిచోట్ల దానితో పోలీసు కార్లు కొన్నారు. మేముండే చోట ఆ డబ్బు గురించి జరిగిన సమావేశానికి వెళ్ళాను. బల్ల చుట్టూ అధికారులు, నాలాంటి ఇద్దరు డాక్టర్లు. కొడుకును పోగొట్టుకున్న తల్లి వెనక వరుసలో కూర్చుంది. ఆమెకిచ్చిన సమయం మూడు నిమిషాలు. కారు ధర గురించి అరగంట మాట్లాడుకున్నారు. మన తెలుగు డాక్టర్లు ఇన్ని ఊళ్ళలో ఉన్నారు, ఇలాంటి గదుల్లో మాత్రం కనిపించరు.

వచ్చే సమావేశానికి మిత్రుణ్ణి తీసుకెళ్తున్నాను. వెనక వరుసలోనే కూర్చుంటాం.