అనుకరణ – అపహరణ

అనుకరణ లేనిదే విద్య లేదు. అరబ్బీ లిపికళలో శిష్యుడు ఉస్తాదు వ్రాసిన అక్షరాన్నే పదేపదే దిద్దుతాడు. ఆయన అనుమతి లభించిన పిదపనే దాని క్రింద తన పేరు వ్రాసుకుంటాడు. మరి అనుకరణ ఎక్కడ ముగిసి అపహరణ ఎక్కడ ఆరంభమవుతుంది? టెలివిజనుకు తగిలించి ఆడే వీడియో ఆటల చరిత్రలో ఈ ప్రశ్నకు సమాధానమున్నదని మా విశ్వాసం.

అమెరికాలో 1972లో మాగ్నవాక్స్ కంపెనీ రాల్ఫ్ బేర్ రూపొందించిన 'ఒడిస్సీ'ని విడుదల చేసింది. ఇంటిలో ఆడుకొనే వీడియో ఆటల యంత్రాలలో అదియే మొదటిది. అందలి టెన్నిస్ ఆటను చూచిన నోలన్ బుష్‌నెల్ స్థాపించిన అటారీ సంస్థ, ఆ ఏడే 'పాంగ్'ను వెలువరించింది. వ్యాజ్యం నడిచి, 1976లో అటారీ రాజీపడి లైసెన్సు తీసుకున్నది.

కొన్నేళ్లకు పాత్రలు తారుమారయ్యాయి. 1981లో రెండవ ఒడిస్సీకి వచ్చిన 'కె.సి. మంచ్‌కిన్', తనకు హక్కులున్న 'పాక్‌మాన్'కు నకలని అటారీయే ఫిర్యాదు చేసింది. 1982లో అప్పీలు న్యాయస్థానం దాని విక్రయాన్ని నిలిపివేయించింది. చిక్కుదారులలో చుక్కలు మ్రింగుతూ సాగే ఆట అన్న ఆలోచన ఎవరి సొత్తూ కాదు; ఆ మ్రింగేవానికి, వెంటాడే దయ్యాలకు ఇచ్చిన రూపం మాత్రం సృష్టించినవారి సొత్తు. ఇదీ తీర్పు సారాంశం.

తీర్పు సమంజసమే. కాని ఫిర్యాదు చేసిన అటారీ సైతం తన ఆటలపై వాటిని రచించిన ఉద్యోగుల పేర్లు ప్రకటించేది కాదు! వారెన్ రాబినెట్ తన 'అడ్వెంచర్' ఆటలోని రహస్యపు గదిలో స్వంత పేరును దాచుకోవలసి వచ్చింది.

1983లో జపానులో వెలువడిన నింటెండో 'ఫామికామ్'కు నకళ్లు 1990 దశకంలో మన పట్టణాలకూ చేరాయి. వందల ఆటలున్నవని చెప్పిన క్యాసెట్లలో కొద్దిపాటి ఆటలే మరల మరల వచ్చేవి. పెక్కింటిలో కర్తల పేర్లు చెరిపివేయబడి ఉండేవి. అసలు యంత్రం కొనలేని ఇండ్లకు ఆనందం పంచినవి అవే. కనుక ఆడిన బాలలను మేము నిందించము. దోషమంతా పేరు చెరిపిన చేతిదే.

విద్యార్థి మిత్రులారా! ఉర్దూ నుండి తెలుగుకు, తెలుగు నుండి ఉర్దూకు ఎంతైనా అనువదించండి, అనుసరించండి. మూలకర్త పేరు లేని రచనను ఈ సంచికలో స్వీకరించరాదని కళాశాల కమిటీ వారికి మా విన్నపం. 'సేకరణ' అని వ్రాసి ఊరకుంటే ఋణం తీరదు.