గీత వినబడితే ఎవరు పోయారని అడక్కండి

వీధి చివర మైకులో ఘంటసాల భగవద్గీత మొదలైందనుకోండి. మీకు ముందొచ్చే ఆలోచన ఏంటి? "ఎవరు పోయారు?" అనే కదా! మన తరానికి ఆ గొంతు అలా అలవాటైపోయింది. నాక్కూడా అంతే. మొన్న సంక్రాంతి సెలవుల దాకా.

మా అమ్మమ్మగారి ఊరు అడ్డతీగల. తాతయ్యకి బస్టాండు దగ్గర సైకిల్ షాపు, దాంతోపాటు మైక్ సెట్. పెళ్ళికైనా, తీర్థానికైనా, చావుకైనా చుట్టుపక్కల కొండ ఊళ్ళకి ఆయన మైకే వెళ్ళేది. తాతయ్య పోయాక ఆ సామానంతా అటకెక్కింది. ఈ మధ్య కాకినాడ నుంచి పాత రికార్డులు కొనే ఒకాయన వచ్చి, ట్రంకు పెట్టె తిరగేసి, ఘంటసాల భగవద్గీత ఎల్పీ మీద చెయ్యేశాడు. ఒకటి కాదు, రెండు ఉన్నాయి. ఒకటి అద్దెకి తిరిగిన కాపీ. అట్ట చిరిగి, దారంతో కుట్టి ఉంది. రెండోది ఇంట్లో వినడానికి తాతయ్య తర్వాత కొన్నది. అద్దంలా ఉంది. విచిత్రం ఏంటంటే, ఆయన చిరిగిన అట్ట కాపీకే ఎక్కువ ఇస్తానన్నాడు!

"ఇందులో ఏది మంచిదో నువ్వే చెప్పరా, పాటల పిచ్చి నీకే కదా" అన్నాడు మావయ్య.

చెప్పాలంటే వినాలి. ఏడాది పాటు డబ్బులు కూడబెట్టి కొనుక్కున్న నా టర్న్‌టేబుల్‌ని ఒళ్ళో పెట్టుకుని, ఏలేశ్వరం మీదుగా బస్సులో ఊరికి తీసుకెళ్ళా.

ముందు ఒక చిన్న సంగతి. ఒకే ఆల్బమ్ రికార్డులు రెండు ఒకేలా ఎందుకు వినబడవు? స్టూడియో టేపు మీదున్న పాటని లక్క పూతలాంటి మెత్తటి పూత ఉన్న పళ్ళెం మీద గాడిగా చెక్కుతారు. దాని మీద లోహపు పూత పెంచి అచ్చులు తీస్తారు. ఆ అచ్చుల మధ్య వేడి వినైల్ ముద్ద పెట్టి నొక్కితే రికార్డు. అచ్చు అరిగే కొద్దీ సన్నటి వివరాలు పోతాయి. అందుకని కొత్త అచ్చు వేస్తారు, కొన్నాళ్ళకి మళ్ళీ గాడి చెక్కుతారు. ఆ చెక్కినాయన చెయ్యి మారితే ధ్వని కూడా మారుతుంది. అట్ట మీద పేరు మాత్రం అదే!

ప్రపంచమంతా ఈ పిచ్చి ఉంది. పింక్ ఫ్లాయిడ్ 'డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' 1973లో వచ్చింది. దాని తొలి బ్రిటిష్ రికార్డు లేబుల్ మీద నిండు నీలం త్రికోణం ఉంటుంది. ఆ గుర్తు కోసం కలెక్టర్లు ఎంతైనా పెడతారు. దాన్ని తెచ్చింది ఈఎంఐ. మన ఘంటసాల గీతని తెచ్చిన హెచ్ఎంవీ కూడా ఆ కుటుంబంలోదే. ఆరోగ్యం బాగోలేని రోజుల్లో, సినిమా పాటల హడావుడి పక్కనపెట్టి, శ్లోకాలు ఎంచుకుని తెలుగు తాత్పర్యంతో ఆయన పాడిన పని ఇది. 1974 ఫిబ్రవరి 11న ఆయన కన్నుమూశారు. అంటే మన తెలుగిళ్ళలో 'డార్క్ సైడ్' ఏదంటే నేను దీన్నే చూపిస్తా.

ఇక పరీక్ష. లేబుల్ చుట్టూ పాట లేని నున్నటి భాగం ఉంటుంది చూడండి, అక్కడ ఒక నంబరు గీసి ఉంటుంది. ఫోన్ టార్చ్ పక్క నుంచి వేస్తే కనబడుతుంది. మా రెండు కాపీలకీ ఆ నంబరు చివరి అంకె వేరు. అద్దె కాపీది ముందుది. కాకినాడ ఆయన లెక్క అప్పుడు అర్థమైంది!

మెత్తటి గుడ్డ, డిస్టిల్డ్ వాటర్‌తో రెండింటినీ గాడి వెంబడి తుడిచా. అదే ముల్లు, అదే స్పీకర్. ఫోన్‌లో ఉచితంగా దొరికే సౌండ్ మీటర్ యాప్ పెట్టి రెండింటి శబ్దం సమానం చేశా. ఇది మాత్రం మర్చిపోవద్దు. కాస్త గట్టిగా మోగేదే మన చెవికి బాగున్నట్టు అనిపిస్తుంది. సగం గొడవలు దాని వల్లే. మావయ్య కూతురు రికార్డులు మారుస్తుంటే, నేను గోడ వైపు తిరిగి కూర్చున్నా. ఏది ఏదో నాకు తెలీకూడదు కదా.

ఫలితం? మొదటి శ్లోకాల్లో ఒక కాపీలో గొంతు దగ్గరగా వచ్చింది. పదానికీ పదానికీ మధ్య ఆయన ఊపిరి తీసుకోవడం తెలుస్తోంది. రెండోదాంట్లో ఆ ఊపిరి కాస్త మసకబారింది. మొదటిది అద్దె కాపీయే. ముందు నంబరు గొప్ప అబద్ధం కాదన్నమాట. కానీ ఆ సైడు చివరికొచ్చేసరికి కథ తిరగబడింది. అద్దె కాపీలో 'స', 'శ' అక్షరాలు బుసకొడుతున్నాయి. ఇంటి కాపీ మాత్రం శుభ్రంగా సాగిపోయింది.

కారణం ఉంది. రికార్డు నిమిషానికి 33 చుట్లు పైచిలుకు తిరుగుతుంది. అంచు దగ్గర ముల్లు కింద సెకనుకి సుమారు 50 సెంటీమీటర్ల గాడి పారుతుంది. లేబుల్ దగ్గరికొచ్చేసరికి అది 21కి పడిపోతుంది. అంతే పాట సగం కంటే తక్కువ చోటులో ఇరుక్కుంటుంది. దాని మీద మైక్ సెట్ బరువు ముల్లు ఏళ్ళ తరబడి నడిస్తే ముందు పాడయ్యేది అక్కడే.

పోటీకి వాట్సాప్‌లో తిరిగే గీత ఫైల్ కూడా పెట్టా. చిటపటలు అస్సలు లేవు. కానీ ఎన్నిసార్లు నొక్కి చిన్నది చేశారో, గొంతు రేకు డబ్బాలోంచి వస్తున్నట్టుంది. మనం చావిళ్ళ దగ్గర వింటున్నది దీన్నే!

నా తీర్పు: మొత్తం వినడానికి ఇంటి కాపీ. అంటే ఎక్కువ ధర పలికేదీ, బాగా వినబడేదీ ఒకటి కాదు. మొదటి ప్రెస్సింగ్ అనగానే వేలకి వేలు పొయ్యకండి, ముందు సైడు చివరి పాట వేయించుకుని వినండి. ఇంకో మాట. సూట్‌కేస్ లాంటి చౌక ప్లేయర్లలో కొన్ని 5 గ్రాముల దాకా బరువుతో ముల్లుని గాడిలో నొక్కుతాయి. మంచి కార్ట్రిడ్జ్‌కి 2 గ్రాములు చాలు. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క పాత రికార్డుని వాటి మీద వెయ్యొద్దు.

"అయితే అద్దెది అమ్మేద్దామా?" అన్నాడు మావయ్య.

అప్పటిదాకా చేటలో బియ్యం ఏరుకుంటున్న అమ్మమ్మ తలెత్తింది. "మళ్ళీ వెయ్యి" అంది. అద్దె కాపీ వేశాం. రెండో సైడు మధ్యలో ఆవిడ వేలు పైకెత్తింది. "ఇదిగో, ఇక్కడ టక్కుమంటుంది." టక్కుమంది! "రాజవొమ్మంగి పెళ్ళిలో మీ తాతయ్య చేతిలోంచి జారింది. ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు."

కాకినాడ ఆయనకి ఫోన్ చేసి, రెండూ అమ్మట్లేదని మావయ్యే చెప్పాడు.

ఆ సాయంత్రం ఇంటి కాపీ మొదట్నించీ పెట్టుకుని అందరం అరుగు మీద కూర్చున్నాం. కాసేపటికి పక్కింటి పిన్ని కంగారుగా వచ్చింది. "ఏంటమ్మా, ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదే. ఘంటసాల పాడుతున్నాడు, వింటున్నాం. కూర్చో" అంది అమ్మమ్మ, చేట పక్కకి జరుపుతూ.