ఆకాశానికీ తలుపులున్నాయి



పక్షికి ఆకాశంలో అడ్డు లేదు. విమానానికి వున్నది. ఏ దేశపు నేలమీది ఆకాశం ఆ దేశానిదే. 1944లో అనేక దేశాల ప్రతినిధులు షికాగో నగరంలో సమావేశమై ఒప్పుకున్న నియమం ఇది. కనుక తన ఆకాశం మీదుగా ఎవరు పోవచ్చునో, ఎవరు పోరాదో ఆ దేశమే నిర్ణయిస్తుంది.

మీ బడిలో గ్లోబు వుంటే, మాస్టారి నడిగి దాని దగ్గరికి ఒక దారం తీసుకువెళ్ళండి. ఒక కొస ఫిన్లాండు రాజధాని హెల్సింకి మీద, రెండవ కొస జపాను రాజధాని టోకియో మీద పెట్టి బిగించండి. దారం ఎక్కడ పడింది? ఇంచుమించు అంతా రష్యా మీదనే! అదే దగ్గర దారి. సుమారు 7,800 కిలోమీటర్లు. ఫిన్‌ఎయిర్ విమానం ఆ దారిన తొమ్మిదిన్నర గంటలలో చేరేది.

2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీద యుద్ధానికి దిగింది. యూరపు దేశాలు రష్యా విమానాలకు తమ ఆకాశం మూశాయి. ఫిబ్రవరి 28న రష్యా కూడా 36 దేశాల విమానాలకు తన ఆకాశం మూసింది. ఇప్పుడు మీ దారాన్ని రష్యాకు తగలకుండా పెట్టి చూడండి. ఒక దారి ఉత్తరధ్రువం దాటి, అలాస్కా వైపుగా పసిఫిక్ మహాసముద్రం మీదికి దిగుతుంది. ఇంకొకటి దక్షిణంగా టర్కీ, కజకస్థాన్, చైనాల మీదుగా పోతుంది. ఎటు పోయినా సుమారు పదమూడు గంటలు!

“మూడున్నర గంటలేగా, ఓపిక పడితే సరి” అంటారేమో. లెక్క అంతటితో తీరదు. దూరం పెరిగితే ఇంధనం ఎక్కువ మోయాలి. ఆ ఇంధనపు బరువును మోయడానికే మరికొంత ఇంధనం కాలిపోతుంది! అందుకని సరుకు తగ్గించుకోవలసి వస్తుంది.

ఈ ధ్రువపు దారి కొత్తదేమీ కాదు. 1983లో, సోవియట్ యూనియన్ తన ఆకాశంలోకి రానివ్వనందున, ఫిన్‌ఎయిర్ ధ్రువం మీదుగానే టోకియో చేరింది. అప్పుడూ సుమారు పదమూడు గంటలే. తరువాత తలుపు తెరిచారు, దారి దగ్గరైంది. మళ్ళీ మూశారు, పాత దారే గతి అయింది. నలభై ఏళ్ళలో విమానాలు ఎంతో మెరుగుపడినా, దేశాల మధ్య స్నేహం చెడేసరికి ప్రయాణం వెనక్కి పోయింది.

మనకూ ఇది తప్పలేదు. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ మన విమానాలకు తన ఆకాశం మూసింది. పడమటి దేశాలకు పోయే ఢిల్లీ విమానాలు అరేబియా సముద్రం మీదుగా చుట్టు తిరగవలసి వచ్చింది. ఢిల్లీకీ లండనుకూ మధ్య దారం బిగించి, ఆ తరువాత పాకిస్తాన్‌ను తప్పించి, ఎంత పెరిగిందో మీరే కొలిచి చూడండి.