శిలలో చిక్కిన వీణ

ఆంజనేయుని గానమహిమను గూర్చి మన దేశమున నొక కథ వాడుకలో నున్నది. గానవిద్యలో తనను మించినవాడు లేడని గర్వించిన నారదుని యెదుట హనుమంతుడు పాడగా ప్రక్కనున్న శిల కరిగి నీరైనదట. నారదుడు తన వీణను ఆ కరిగిన శిలపై నుంచెను. గానమాగినంతనే శిల గట్టిపడి వీణ దానిలో చిక్కుకొనెను. నారదు డెంత పాడినను శిల కరుగలేదు. మరల హనుమంతుడే పాడవలసి వచ్చెను. దీనిని మన మిన్నాళ్లు గర్వభంగకథగా చెప్పుకొనుచుంటిమి. నేడు హనుమాన్ జంక్షన్‌లో, ఆ స్వామి గుడి చేరువ, నాలుగు బాటల కూడలిలో నిలిచి చూచువారికి దీనియందు వేరొక యర్థము తోచును. మన వీణ చిక్కినది. అది చిక్కిన శిల అరచేతిలో నిముడు గాజుపలక.

ఈ కూడలికి సంగీతముతో నేమి సంబంధమని తలపరాదు. ఒక బాట నూజివీడు పోవును. పనసకొయ్యను తొలిచి వీణలు చేయు పనివారి వలన ఆ యూరి పేరు మామిడిపండ్లతో పాటు నాదమునకును ముడిపడినది. దాని కెదురుబాట గుడివాడది. ఆ ప్రాంతపు చౌటపల్లిలోనే 1922 లో ఘంటసాల వేంకటేశ్వరరావుగారు జన్మించిరి. ఇంకను ముందుకు పోయినచో క్షేత్రయ్యగారి మువ్వయు, సిద్ధేంద్రయోగి కూచిపూడియు తగులును. తూర్పున ఏలూరు, దాని చేరువ సోమవరప్పాడు వయొలిన్ విద్వాంసులు అన్నవరపు రామస్వామిగారి జన్మస్థలము. పడమట విజయవాడ, పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు ఆ రామస్వామిగారికిని, మంగళంపల్లి బాలమురళీకృష్ణగారికిని విద్య గరపిన నగరము. నాలుగు దిక్కులను నాదమే కల యీ కూడలిలో నేడు జనులు వినుచున్న దేమి?

సాయంకాలము బస్సుకొరకు నిలిచినవారిని చూడుడు. పదిమందిలో ఎనమండ్రు తలలు వంచి ఫోనులు చూచుచుందురు. వ్రేలితో నొకసారి తోసిన నొక పాట, మరల తోసిన మరియొక పాట. ఒకటియు పూర్తిగా వినబడదు. 2008 లో యూట్యూబు భారతదేశమునకు ప్రత్యేకముగా నేర్పడినప్పు డది పట్టణపు విద్యావంతుల వినోదము. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా వెల ఒక్కపెట్టున పడిపోవుటతో అది పాలేరు మొదలు ప్లీడరు వరకు అందరి సొత్తయ్యెను. ఇంత స్వల్పకాలమున, ఇంతమంది చెవులను ఇంతగా మార్చిన సాధనము మన చరిత్రలో మరియొకటి లేదు.

ఈ యంత్రమును నిందించుట మా యుద్దేశము కాదు. దాని వలన కలిగిన మేలును కాదనువాడు కృతఘ్నుడు. ఒకప్పుడు సంపన్నుని గ్రామఫోను పెట్టెకడనో, ఆకాశవాణి వారు దయ తలచిన వేళనో తప్ప వినరాని పాతవిద్వాంసుల గొంతులను నేడు గేదెలు కాయు పిల్లవాడును వినగలుగుచున్నాడు. తూర్పుగోదావరి జిల్లా వడిసలేరులో కూలిపని చేసికొను పసల బేబీగారు 2018 లో పాడిన యొక పాట ఫోనుల వెంట ఊరూర తిరిగి సినీసంగీతదర్శకుల చెవిని బడెను. ఏ సభాధ్యక్షుడు ఆమెకు వేదిక నిచ్చియుండెడివాడు? 2020 లో కరోనా వలన పెండ్లిపందిళ్లును, ఆలయోత్సవములును మూతపడినప్పుడు గురువులకు శిష్యులను, గాయకులకు శ్రోతలను నిలిపినది ఈ ఫోనే. విజయవాడలో కూర్చున్న సంగీతోపాధ్యాయుడు సముద్రాల కావలనున్న మన బిడ్డలకు సరళీస్వరములు చెప్పుచున్నాడు. ఇది సామాన్యమైన యుపకారము కాదు.

అయిన నొక ప్రశ్న యున్నది. పాట దేశము చుట్టివచ్చినది. పాడినవాని యింట పొయ్యి రాజినదా?

తెలంగాణమున కిన్నెర మొగిలయ్యగారి కథ పాఠకు లెరుగనిది కాదు. పండ్రెండు మెట్ల కిన్నెరను వాయించు అరుదైన కళాకారు డాయన. 2021 లో వెలువడిన భీమ్లా నాయక్ చిత్రపు పాటకు మొదట వినబడిన గొంతు ఆయనదే. ఫోనులలో దానిని వినినవారి సంఖ్య కోట్లకు చేరినది. 2022 లో భారతప్రభుత్వము ఆయనను పద్మశ్రీతో గౌరవించెను. 2024 మే నెలలో ఆయన హైదరాబాదు శివారున ఒక కట్టడము కడ కూలిపని చేయుచున్న దృశ్యము ఆ ఫోనులలోనే తిరిగెను! పాటను చూచిన కన్నులే కూలిని చూచినవి. పిదప కొందరు సాయపడిరి; సంతోషమే. కాని కళాకారునకు కావలసినది జాలి కాదు, జీతము.

ఇది క్రొత్త దోషమని చెప్పజాలము. తెల్లదొరతనమును ధిక్కరించి గరిమెళ్ల సత్యనారాయణగారు వ్రాసిన గేయము ఏ యంత్రము లేకయే ఆంధ్రదేశమంతట మారుమ్రోగెను. దానికై ఆయన 1922 లో చెరసాల పాలయ్యెను. స్వరాజ్యము వచ్చిన పిదప, 1952 లో, మద్రాసున పేదరికములోనే కన్నుమూసెను. పాటను నెత్తిన పెట్టుకొని పాటకాని మరచుట మన పాత పాపము. ఫోను ఆ పాపమును కనిపెట్టలేదు, వేయింతలు చేసినది.

ఎట్లు చేసినదో లెక్క చూతము. యూట్యూబులో ప్రకటనల రాబడి పంచుకొనవలెనన్న, వేయిమంది చందాదారులును, పండ్రెండు నెలలలో 4000 గంటల వీక్షణమును ఉండవలెను. అంత కూడిన తరువాతను, పెద్ద వీడియోల ప్రకటనల ఆదాయమున నూటికి 45 వంతులు సంస్థవి. స్పాటిఫై వారు 2024 నుండి, ఏడాదిలో వేయిసార్లు వినబడని పాటకు రాయల్టీ యీయరు. చలనచిత్రగీతమునకు వేయి యొక పూట పని. పల్లెటూరి సన్నాయి విద్వాంసుని కల్యాణికి వేయి యొక జన్మ. మరియొక వింత: త్యాగరాజస్వామి 1847 లో సిద్ధిపొందిరి, వారి కృతులు సర్వజనుల సొత్తు. అయినను వానిని తన గొంతుతో పాడి పెట్టిన విద్వాంసునకు, ఏదో రికార్డు కంపెనీ సొత్తును హరించితివని యంత్రము తాఖీదు పంపిన సందర్భములు కలవు. ఆ తాఖీదునకు జవాబు చెప్పుట యెట్లో ఎరుగని వృద్ధుడేమి చేయును?

స్వదేశోద్యమపు రోజులలో మన పెద్దలు చెప్పిన మాట నిచ్చట తలచుకొందము. మన పొలమున పండిన ప్రత్తి ఓడనెక్కి పోయి, బట్టయై వచ్చి, మనకే అమ్ముడుపోయి, మన సాలెవాని మగ్గము నాపినది. నేడు మన గొంతున పుట్టిన పాట దూరదేశపు యంత్రాగారములకు పోయి, నడుమ ప్రకటనలు చుట్టుకొని మన చెవికే తిరిగి వచ్చుచున్నది. దళారికి దక్కినది చాల. సాలెవానికి మిగిలినది అభిమానము.

యంత్రమైనంతనే ఇట్లు జరిగితీరవలెనా? కాదనుటకు సాక్ష్యము విజయవాడలోనే యున్నది. 1948 డిసెంబరు 1 వ తేదీన అచట వెలసిన ఆకాశవాణి కేంద్రమును యంత్రమే. అది నిలయవిద్వాంసులను నియమించి నెలజీతము లిచ్చినది. అన్నవరపు రామస్వామిగారి వంటివారు దశాబ్దముల తరబడి దాని నాశ్రయించి జీవించి, శిష్యుల పెంచిరి. ప్రాతఃకాలపు భక్తిరంజని వినుచు మేల్కాంచిన ఇండ్లెన్నియో. అంతకుమించి, పాటకు ముందు రచన యెవరిదో, సంగీత మెవరిదో, గాన మెవరిదో పేరుపేరున చెప్పుట ఆ రేడియో ధర్మము. అందుచేతనే అక్షరము రానివాడును కవి పేరు నెరిగియుండెను. నేటి ముప్పది సెకండుల తునకలో నటుని ముఖ మున్నది. కవి లేడు, స్వరకర్త లేడు, తబలా వాయించినవా డసలే లేడు.

శ్రోతకు కలిగిన నష్టమును తక్కువది కాదు. ఆలాపన యనునది మెల్లగా తెరచుకొను తలుపు. పది నిమిషములు ఓపికతో గుమ్మము కడ నిలిచినవానికి గాని లోపలి దేవుడు కనబడడు. గడియకొక పాట మార్చు వ్రేలికి ఆ యోపిక యెక్కడిది? కచ్చేరికి వచ్చినవాడును ఫోను నెత్తిపట్టి పట్టుకొనుటయే కాని వినుట లేదు. ఆ దీపముల వరుసను చూచి గాయకుడును జంకుచున్నాడు. క్రొత్తబాట త్రొక్కబోయి తప్పటడుగు వేసిన ఆ తప్పు శాశ్వతముగా నిలుచునను భయమున, నిన్న పాడినదే నేడును పాడుచున్నాడు. మనోధర్మమే ప్రాణమైన సంగీతమునకు ఇంతకన్న కీడేమి?

గ్రామఫోను వచ్చినప్పుడును ఇట్లే భయపడిరి గదా యని కొందరందురు. నిజమే. కాని గ్రామఫోను పళ్లెమునకు శ్రోత వెల యిచ్చెను. సినిమాకు టిక్కెట్టు కొనెను. పాట యూరక వచ్చునది, పాడుట యొక పని కాదు అను భావము ఇంత లోతుగ నాటుకొనుట యిదే మొదలు.

కావున మా సూచన లివి. మొదటిది, ఉత్సవసంఘముల వారు సన్నాయివానికి, హరికథకునకు, బుర్రకథదళమునకు ఇచ్చు సంభావనను ముందే నిర్ణయించి వ్రాసి యీయవలెను. కచ్చేరిని ఫోనులలో ప్రసారము చేయదలచినచో వారి సమ్మతి పొంది, వచ్చిన దానిలో పాలు పెట్టవలెను. రెండవది, పాటను పదిమందికి పంపువారు ఆకాశవాణి ధర్మమును పాటించి కవి, గాయకుల పేర్లు చేర్చి పంపవలెను. ఇందుకు కానీ ఖర్చు లేదు. మూడవది, 2012 లో సవరింపబడిన కాపీరైటు చట్టము గీతరచయితకును స్వరకర్తకును రాయల్టీ హక్కును వదలుకొనుటకైన వీలులేనంత గట్టిగా కట్టినది. గాయకునకును భాగము చూపినది. ఆ హక్కును సాధించుకొను విధమును ప్రతి పఠనమందిరమున ఒకనాటి సాయంకాలము చదివి చెప్పవలెను. ఫోను తెలిసిన యువకులు ఒక్కొక్కరు ఒక్కొక్క వృద్ధకళాకారుని చేపట్టి, ఆయన పాట నాయన పేరనే పెట్టించి, తాఖీదులకు జవాబు వ్రాసిపెట్టిన అది నిజమైన దేశసేవ. నాలుగవది, అన్నిటికన్న ముఖ్యమైనది: నెలకొకసారి యైనను ఫోనును జేబులో నుంచి, విద్వాంసుని యెదుట నేలపై కూర్చుండి, టిక్కెట్టు కొనియో పళ్లెములో రూపాయలు వేసియో విని రండు.

1910 లో బందరున ఆంధ్రజాతీయకళాశాలను నెలకొల్పిన పెద్దలు చేతిపనిని, కళను, చదువును ఒక్క కప్పుక్రింద చేర్చిరి. వారి కింగ్లీషు చదువుమీద ద్వేషము లేదు. దానికి మనము బానిసలగుటయే వారికి సహింపరానిది. ఫోను విషయమునను మన నీతి యిదియే కావలెను.

కథలో నారదుని వీణ శిలలో నుండి బయటపడినది. పడుటకు మంత్రము పని చేయలేదు, బలము పని చేయలేదు. ఎదుట నిలిచి పాడిన కంఠమొకటి కావలసి వచ్చెను. ఆ కంఠములు మన పల్లెలలో నింకను ఉన్నవి. వారి యెదుట కూర్చుండువారే కరవైరి. హనుమాన్ జంక్షన్ కూడలిలో బస్సుకై నిలుచు సోదరులారా! మీ యూరి గుడిలో ఈ శ్రీరామనవమికి పాడబోవున దెవరో ఇప్పుడే విచారింపుడు; ఆయన కేమి యిచ్చుచున్నారో కూడ విచారింపుడు.