రేడియేటరు మూత

చాదర్‌ఘాటు వంతెన దాటి మలక్‌పేట మీదుగా దిల్‌సుఖ్‌నగరు వైపు సాగు బాట విజయవాడకు పోవు రహదారియే. ఎండకాలపు మిట్టమధ్యాహ్నమున అచటి రైలువంతెన వద్ద బండ్లు నత్తనడక నడచుచుండును. అట్టి వేళ ఒక కారు ముందుభాగమునుండి ఆవిరి లేచుట, వెనుకవారు హారనులు మ్రోగించుట, చోదకుడు గుడ్డముక్కతో దిగి రేడియేటరు మూతపై చేయి వేయుట క్షణములో జరిగిపోవచ్చును. మొదటిది యంత్రదోషము. కడమ రెండును మానవదోషములు. వానిలో చివరిది మిగుల ప్రమాదకరము.

ఇంజనులో పుట్టిన వేడిమిని దాని చుట్టును ప్రవహించు ద్రవము రేడియేటరునకు కొనిపోయి గాలికి విడుచును. బండి పరుగెత్తునపుడు ఎదురుగాలి తోడ్పడును. నిలిచినపుడు ఫంకాయే దిక్కు. ఫంకా చెడినను, ద్రవము కారిపోయినను ఇంజను మితిమీరి కాగును.

హైదరాబాదు సుమారు 540 మీటర్ల ఎత్తున నున్నందున ఇచట నీరు రమారమి 98 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే మరుగును. కాని బిగువైన మూత లోపలి ఒత్తిడిని పెంచుటచే రేడియేటరులోని ద్రవము 100 డిగ్రీలు దాటినను మరుగక నిలువగలదు. 1679లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు డెనిస్ పాపిన్ నిర్మించిన ఆవిరిపాత్రలోను, నేటి ప్రెషరు కుక్కరులోను ఉన్న సూత్రమిదియే. ఆవిరి పోకముందు కుక్కరు మూత తీయరాదని పిల్లలకు గూడ తెలియును. వంటయింట అంత జాగ్రత్త చూపువారే నడివీధిలో రేడియేటరు మూత త్రిప్పుటకు జంకరు! ఒత్తిడి తొలగిన మరుక్షణమున ద్రవము ఆవిరియై చిమ్మి ముఖమును, కన్నులను కాల్చును. గుడ్డముక్క అడ్డు కాజాలదు.

ఇచట కావలసినది సాహసము కాదు, అరగంట ఓపిక. బండిని ప్రక్కకు తీసి ఇంజను ఆపవలెను. విద్యుత్ ఫంకా ఆ తరువాతను తనంత తాను తిరుగవచ్చును గనుక చేయి దూరముగా నుంచవలెను. ఇంజను పూర్తిగా చల్లారిన పిమ్మటనే మూతను మెల్లగా తీయవలెను. కాగిన లోహమునకు చన్నీరు తగిలినచో బీటలు వారవచ్చును. హారను మ్రోగించువారు దిగి బండిని త్రోయుటకు ఒక చేయి వేసినచో చోదకుని తొందరయు తగ్గును.

మంచు కురియని ఊరిలో కూలెంటు ఏల, కుళాయి నీరు చాలదా అని కొందరు వాదింతురు. ఆపదలో నీరు చాలును. నిత్యము అదియే పోసినచో త్రుప్పును, సున్నపు పొరయు చేరి నాళములు పూడుకొనును. కూలెంటు ఆ త్రుప్పును అరికట్టుటయే గాక మరుగు ఉష్ణోగ్రతను పెంచును. అయితే అందలి ఇథిలీన్ గ్లైకాల్ తియ్యని విషము. మిగిలినదానిని పానీయపు సీసాలో దాచినచో పసివారు త్రాగవచ్చును. వీధిలో పారబోసినచో కుక్కలు నాకవచ్చును.