బోర్డు మారిందని ఏడుస్తున్నారు సరే, మా వాటా సంగతేంటి?

2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. బందరులో పుట్టిన మన బ్యాంకు పేరు చెరిపేశారని పెద్దమనుషులు ఇప్పటికీ కుమిలిపోతున్నారు. అయ్యలారా, 'మన' అంటే ఎవరు? ముందు ఆ లెక్క తేల్చండి.

1923 నవంబరు 28న బందరులో ఆ బ్యాంకు తలుపు తెరిచింది. పెట్టినవారు పట్టాభి సీతారామయ్య గారు. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. మంచిపనే, మేం కాదనం. కానీ వాటా కొనే డబ్బు ఆనాడు ఎవరి దగ్గరుంది? తాకట్టుకు పొలం, బంగారం ఎవరికున్నాయి? మా తాతలు ఆసాముల దగ్గర పాలేర్లు. వాళ్ళెరిగిన బ్యాంకు ఆసామి అరుగే. అప్పు తీరక కన్నకొడుకుల్ని జీతానికి పెట్టారు.

అదే 1923లో అంబేద్కర్ రూపాయి సమస్య మీద లండన్‌లో పుస్తకం అచ్చువేశారు. రూపాయి గుట్టు విప్పినవాడు మావాడు. రూపాయి అప్పు పుట్టనిదీ మావాళ్ళకే!

1969 జూలైలో 14 బ్యాంకులు, 1980 ఏప్రిల్ 15న మరో 6 జాతీయమయ్యాయి. ఆ ఆరింటిలో ఆంధ్రా బ్యాంకూ ఒకటి. రిజర్వేషన్‌తో మా పిల్లలు కౌంటర్ లోపలికి వెళ్ళారు. అది ఎవరి దయా కాదు, రాజ్యాంగం ఇచ్చిన హక్కు. మరి కౌంటర్ బయట నిలబడ్డవాళ్ళ మాటేమిటి?

1972లో 4 శాతం వడ్డీ రుణాల పథకం పెట్టారు. కిందటేడు ఇచ్చిన మొత్తం అప్పుల్లో 1 శాతం ఇలా ఇవ్వాలి. అందులో 40 శాతం ఎస్సీ, ఎస్టీలకు. అంటే వంద రూపాయల్లో మాకు 40 పైసలు! ఆ 40 పైసల సంగతైనా మా పేటకొచ్చి చెప్పినోడెవడు? 2016లో స్టాండప్ ఇండియా అన్నారు. ప్రతి బ్రాంచీ కనీసం ఒక ఎస్సీకో ఎస్టీకో 10 లక్షల నుంచి కోటి దాకా ఇవ్వాలన్నారు. 2025 మార్చితో దాని గడువూ ముగిసింది.

దున్నేది మావాడు, పాసుపుస్తకం ఆసామిది. 2019 చట్టం కింద కౌలు కార్డు కావాలన్నా ఆసామి సంతకం పెట్టాల్సిందే. మేం పంతుళ్ళమయ్యాక కూడా, వేరే ఊళ్ళో, వేరే బ్యాంకులో, పేట పేరు చెప్పగానే కాగితం మీద కలం ఆగిపోవడం కళ్ళారా చూశాం.

డ్వాక్రా పొదుపు మాది, ఉపాధి కూలి ఖాతాలు మావి. దాచుకోను మేమూ, వాడుకోను మీరూనా?

అన్నల్లారా, అక్కల్లారా! బోర్డు మీద ఏ పేరుంటే మనకేంటి? సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయలు కట్టి మీ ఊరి బ్రాంచిని అడగండి: ఎస్సీల ఖాతాలెన్ని? ఎస్సీలకిచ్చిన అప్పెంత? 4 శాతం వడ్డీ రుణాలు ఎందరికిచ్చారు? జవాబు కాగితం పేటలో అందరి ముందూ చదవండి. మన బ్రాంచి అసలు చరిత్ర అదే.

పేరు కోసం ఏడ్చేవాళ్ళను ఏడవనీండి. మనం లెక్క అడుగుదాం.

జై భీమ్!