నోటి దురుసు నేతది, నష్టం రైతుది

ప్రజాప్రతినిధి ఒక జాతిని, ఒక కులాన్ని కించపరిచి మాట్లాడితే అది ఆ జాతికో, ఆ కులానికో సంబంధించిన గొడవ అనుకుంటాం. రైతు సంఘానికి దానితో పనేమిటని అడిగే మిత్రులు మనలోనూ ఉన్నారు. అమెరికాలోని అయోవా రైతుల అనుభవమే వారికి జవాబు.

మొక్కజొన్నలో, పందుల పెంపకంలో ఆ దేశంలో మొదటి స్థానం అయోవాదే. ఆ రాష్ట్ర పశ్చిమ ప్రాంతం నుంచి రిపబ్లికన్ నేత స్టీవ్ కింగ్ 2002 నుంచి 2018 దాకా వరుసగా తొమ్మిదిసార్లు ప్రతినిధుల సభకు గెలిచారు. చిన్నతనంలో అనుమతి లేకుండా దేశంలోకి వచ్చిన వలస యువత గురించి 2013లో ఆయన ఒక మాట అన్నారు. బాగా చదివేవాడు ఒకడుంటే గంజాయి మోసేవాళ్లు వందమంది ఉంటారట, మోసి మోసి వారి పిక్కలు కర్బూజా కాయల్లా తయారయ్యాయట! ఆయన నియోజకవర్గంలోనే ఉన్న స్టార్మ్ లేక్, డెనిసన్ పట్టణాల్లో మాంసం ఫ్యాక్టరీలు నడిచేది వలస కార్మికుల కష్టం మీదే. రైతు పెంచిన పంది మార్కెట్టుకు చేరాలంటే ఆ చేతులే కావాలి.

2014లో వలస యువతీయువకులు ఆయన భోజనం బల్ల దగ్గరికే వెళ్లి ఆ మాట గురించి నిలదీశారు. 2018 ఎన్నికల ముందు ఒక సభలో ఆయన జాతి భావాల గురించి ప్రశ్నించిన వ్యక్తిని ఆయన బయటికి పంపించమన్నారు. రైతుల సహకార సంస్థ ల్యాండ్ ఓ లేక్స్ అప్పుడే ఆయనకు మద్దతు ఉపసంహరించుకుంది. అయినా కింగ్ గెలిచారు, కాకపోతే ఆధిక్యం మూడు శాతానికి పడిపోయింది.

2019 జనవరిలో, శ్వేతజాతి ఆధిపత్యం అనే మాట తప్పెప్పుడయిందన్న అర్థం వచ్చేలా ఆయన మాట్లాడినట్టు పత్రికలో వచ్చింది. తన మాటను వక్రీకరించారని ఆయన వాదించారు. సొంత పార్టీయే ఆయనను కమిటీలన్నిటి నుంచీ తప్పించింది. అందులో వ్యవసాయ కమిటీ కూడా ఉంది. సరిగ్గా ఆ సమయంలో అయోవా సోయా రైతు చైనా విధించిన 25 శాతం సుంకంతో దెబ్బతిని ఉన్నాడు. తన గోడు వినిపించాల్సిన కుర్చీ ఖాళీ అయింది. వ్యవసాయ కమిటీలో చోటు లేని ప్రతినిధి రైతుకు ఏం చేయగలడన్నదే 2020 జూన్‌లో పార్టీ అంతర్గత ఎన్నికలో ప్రత్యర్థి ర్యాండీ ఫీన్‌స్ట్రా ప్రధాన ప్రచారం. కింగ్ ఓడిపోయారు.

ఇందులో సంతోషించాల్సింది కొంతే. తోటి మనిషిని అవమానించినప్పుడు ఓటు కదల్లేదు. తన పొలానికి దెబ్బ తగిలాకే కదిలింది. ఆ మధ్యకాలం ఖరీదు ఎవరు చెల్లించారు? 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రంలో, నా దేశం వదిలిపో అని అరుస్తూ ఒకడు మన హైదరాబాద్ ఇంజనీరును కాల్చి చంపాడు. ఆ తూటాను ఏ ఒక్క నేత మాటకో ముడిపెట్టలేం. కానీ వలస వచ్చినవాడు పరాయివాడే అని రోజూ నూరిపోసే గాలిలో ఏం పెరుగుతుందో తెలుగువాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు.

మన ఊళ్ల సంగతి చూద్దాం. వరి నాట్లకు బీహార్ నుంచి కూలీలు వస్తున్నారు. వారిని ఎగతాళి చేసే మాటలు వేదికల మీదా, రచ్చబండ దగ్గరా వింటూనే ఉన్నాం. కులం పేరుతో కూలీని, కౌలు రైతును తక్కువ చేసే నాయకులకూ కొదవ లేదు. రైతూ కూలీ ఒకరినొకరు అనుమానించుకుంటుంటే మద్దతు ధర అడిగేదెవరు, కూలి రేటు అడిగేదెవరు? లాభం ఎవరిదో వేరే చెప్పాలా?

కాబట్టి గ్రామ కమిటీలకు మా సూచన ఒక్కటే. ఓటు అడగడానికి వచ్చిన నాయకుడిని ధర గురించి, నీళ్ల గురించి అడిగినట్టే ఆయన అన్న మాట గురించి కూడా అందరి ముందూ అడగండి. ఆ మాట పడినవారు మన సంఘంలో లేకపోయినా అడగండి. కుర్చీ ఖాళీ అయ్యేదాకా ఆగితే ఆలస్యమవుతుంది.